ఇంటిల్లిపాది కుట్టిన బొంత

గత సంక్రాంతి దినములలో మేము ప్రచార కార్యమునకై కృష్ణా డెల్టాలోని ఒక చిన్న గ్రామమునకు వెళ్ళితిమి. మరునాడు భోగి. పిల్లలు పిడకల దండలను మెడలో వేసికొని వీధులలో తిరుగుచుండిరి. ఒక రైతు ఇంటి వాకిట, మరునాటి మంటలో వేయుటకై విరిగిన తట్టలు, అరిగిన చీపుళ్ళు, పాత బట్టలు కుప్పగా పోసియుండిరి. ఆ ఇంటి పెద్దావిడ ఆ కుప్ప ప్రక్కన కూర్చుండి బట్టలను ఒక్కొక్కటిగా వెలుపలికి లాగుచుండెను. ఆమెకు డెబ్బది యేండ్లు దాటినవి. చూపు మందగించినది.

“ఎందుకమ్మా ఈ పాత గుడ్డలు? బజార్లో మంచి రగ్గులు దొరుకుతున్నాయిగా!” అని కుమారుడు అడిగెను.

“ఇది మీ నాన్న పంచెరా,” అని మాత్రమే చెప్పి, ఆమె ఆ బట్టను మడిచి ఒడిలో పెట్టుకొనెను. కుమారుడు మరి మాటాడలేదు.

ఆ పంచెతో ఏమి చేయుదువని మేమడుగగా, “బొంత కుడతాను బాబూ. మనవరాలికి,” అని ఆమె బదులు చెప్పినది. ఆ బొంతను గూర్చియే ఈ వ్యాసము. బొంతను మిషగా చేసికొని, ఇంటిలో చేతులతో చేసికొను పనులలో ఎట్టి సంతోషమున్నదో, ఆ సంతోషము ఏ విధముగా నిలుచునో, ఏ విధముగా చెడునో కూడ విచారింతము.

బొంత ఒక్క మనదే కాదు

పాత బట్టలను పొరలు పొరలుగా పేర్చి, కుట్టి, పరుపుగాను, కప్పుగాను వాడుకొనుట మన గ్రామములలో తరతరములుగా వచ్చుచున్న వాడుక. పేదవాని ఇంట అది కప్పుకొను దుప్పటి. కలిగినవాని ఇంట పసిబిడ్డ క్రింద వేయు మెత్త. కన్నడ దేశమున దీనిని కౌది అందురు. వంగదేశమున కాంథా అని పేరు. అచటి స్త్రీలు పాత చీరల పొరలపై రంగు దారములతో పూవులను, చేపలను, పల్లకీలను కుట్టుదురు. ఆ బొంతను ఆధారముగా చేసికొని జసీముద్దీన్ అను కవి 1929లో వ్రాసిన కావ్యము వంగసాహిత్యమున ప్రసిద్ధికెక్కినది.

సముద్రములకు ఆవల అమెరికాలోని అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లె కలదు. అచటి నీగ్రో జాతి స్త్రీలు, బానిసలుగా తెచ్చిన వారి సంతతివారు, పొలము పనిలో చినిగిన చొక్కాలను, లాగులను ముక్కలుగా కత్తిరించి, చలికి ఆగుటకై బొంతలు కుట్టుకొనెడివారు. 2002లో ఆ బొంతలను హ్యూస్టన్ నగరపు చిత్రకళా ప్రదర్శనశాలలో గోడలకు వ్రేలాడదీసిరి. 2006లో అమెరికా తపాలా శాఖ వానిపై బిళ్ళలను ముద్రించినది. ఆ స్త్రీలు ప్రదర్శన కొరకు కుట్టలేదు. పిల్లలకు చలి వేయకుండుటకు కుట్టిరి. అయినను, ఉన్న ముక్కలను ఏది ప్రక్కన ఏది పెట్టిన కంటికి ఇంపుగా నుండునో వారు చూచుకొనిరి. అవసరమునకు చేసిన వస్తువునందే అందము కుదురుట చేతిపనికున్న గుణము.

కుట్టు విధానము

ముందుగా బట్టను ఎన్నుకొనవలెను. నూలు చీరలు, పంచెలు, తువ్వాళ్ళు బొంతకు మేలైనవి. పలుమార్లు ఉదికినందున నూలుబట్ట మెత్తబడును, చెమటను పీల్చుకొనును. పాలియెస్టరు మొదలగు కృత్రిమపు దారములతో నేసిన బట్టలు చెమటను అంతగా పీల్చవు. నిప్పు తగిలినచో కరగి ఒంటికి అంటుకొనును. కనుక పసిపిల్లల బొంతలకు వానిని వాడరాదు. ఏది ఏదియో తెలియనిచో, పెద్దవారు చీర అంచునుండి ఒక పోగు లాగి జాగ్రత్తగా నిప్పునకు తగిలించి చూడవచ్చును. నూలుపోగు కాగితము కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద యగును. కృత్రిమపు పోగు ముడుచుకొని కరగి, చల్లారిన పిమ్మట గట్టి పూసవలె మిగులును.

ఎన్నుకొన్న బట్టలను వేడినీట ఉదికి, మంచి ఎండలో ఆరవేయవలెను. రంగు దిగు బట్టను ముందే కనిపెట్టవలెను. తెల్లని తడిగుడ్డతో రుద్దినచో దిగెడు రంగు ఆ గుడ్డకు అంటును. అట్టి బట్టను విడిగా పలుమార్లు ఉదికి, రంగు నిలిచిన తరువాతనే వాడుట మంచిది.

ఇక కొలత. 6 గజముల చీరను పొడవున మూడు మడతలు వేసినచో 2 గజముల పొడవు, అనగా 6 అడుగుల పొడవు వచ్చును. వెడల్పు సుమారు 45 అంగుళములు. ఇది ఒక మనిషికి చాలిన బొంత. రెండు చీరలకు ఆరు పొరలు ఏర్పడును. క్రింది పొరకు గట్టి బట్టను, పై పొరకు రంగు, అంచు బాగుగా నున్న చీరను ఉంచి, చినిగిన ముక్కలను నడుమ పేర్చవలెను. నడుమ ముక్కలు చిన్నవైనను తప్పులేదు. ఒకదాని అంచు మరియొకదానిపై కొంత ఎక్కునట్లు చూచుకొనినచో గుంటలు పడవు.

ఊడ్చిన నేలపై చాప పరచి, క్రింది పొరను ముడుతలు లేకుండ పరచవలెను. నాలుగు మూలల బరువులుంచవలెను. ఆ పెద్దావిడ ఒక మూల పొత్రమును, ఒక మూల సోలను, మిగిలిన రెండు మూలల నీళ్ళ చెంబులను ఉంచెడిది. పొరలన్నియు పరచిన తరువాత, నడుమనుండి అంచులవైపు పొడవైన టాకాలు వేసికొని పోవలెను. అంచులనుండి మొదలు పెట్టినచో బట్ట నడుమకు త్రోసికొనివచ్చి ఉబ్బు పడును. టాకాలు వేసిన పిమ్మట నాలుగు అంచులను లోనికి మడిచి కుట్టివేయవలెను.

తరువాత అసలు కుట్టు. సూదిని పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి తీసికొనుచు వరుసగా సాగునదే కుట్టు; ఇంతకుమించిన విద్య అవసరము లేదు. దారము మూరెడు చాలును. బారెడు తీసినచో చిక్కుపడును. ముడి పొరల నడుమ దాగునట్లు వేసినచో పండుకొన్నవారికి గ్రుచ్చుకొనదు. వరుసకు వరుసకు నడుమ అంగుళము ఎడముండిన చాలును. ఒక వరుస పూర్తియైన తరువాత బట్టను అరచేతితో నిమిరి, ముడుత లేదని చూచుకొని రెండవ వరుసకు పోవలెను. కుట్టు మరీ బిగించినచో బట్ట ముడుచుకొనును. మరీ వదులుగా నున్నచో పిల్లల కాలివ్రేళ్ళకు తగులుకొని తెగును.

లెక్క వేసి చూడుడు. 45 అంగుళముల వెడల్పునకు అంగుళమునకొక వరుస చొప్పున 45 వరుసలు. ఒక్కొక్క వరుస 72 అంగుళములు. అన్ని వరుసలను కలిపినచో 3,240 అంగుళములు, అనగా 90 గజముల కుట్టు. అంగుళమునకు రెండు కుట్ల వంతున 6,480 కుట్లు. ఇది విని జంకవలసిన పని లేదు. దినమునకు మూడు వరుసలు చేసినచో 15 దినములలో బొంత పూర్తియగును. ఇద్దరు చెరియొక ప్రక్కన కూర్చుండి కుట్టినచో ఎనిమిది దినములు చాలును.

పనికి కూర్చుండునపుడు సూదులను లెక్కించి తీసికొనవలెను. లేచునపుడు మరల లెక్కించవలెను. ఒక్క సూది తగ్గినను, అది దొరకువరకు బొంతను ఎవరును ఉపయోగింపరాదు. అట్లే చంటిబిడ్డ క్రింద వేయు బొంత చదునుగా, బిగువుగా నుండవలెను. నిద్రించు బిడ్డ ముఖముపై ఏ గుడ్డయు పడకుండ చూచుకొనవలెను.

వెచ్చదనము ఎక్కడనుండి వచ్చును?

ఒక మందమైన దుప్పటికంటె పలుచని పొరలు పెక్కు కలిసి ఎక్కువ వెచ్చదన మిచ్చుటకు కారణమున్నది. పొరకు పొరకు నడుమ గాలి నిలిచియుండును. కదలని గాలి వేడిని త్వరగా బయటికి పోనీయదు. మన ఒంటి వేడి ఆ గాలి పొరలలో చిక్కుకొని మనకే మిగులును. కుట్టు వరుసలు పొరలను ప్రక్కకు జారనీయవు. ఒకచోట ముద్దగాను, మరియొకచోట పలుచగాను కానీయవు. బొంత తడిసినను, చెమ్మగిలినను నడుమనున్న గాలికి బదులు నీరు చేరును. అప్పుడు వెచ్చదనము పోవును. అందుచేతనే బొంతను తరచుగా ఎండలో వేయుమని పెద్దలు చెప్పుదురు. ఎండ వలన చెమ్మ పోవును, ముక్కవాసన పోవును. దులిపినచో దుమ్ము రాలును.

పిల్లల చేతులు, పెద్దల చేతులు

బొంతను గూర్చి చెప్పినది ఇంటిలో చేసికొను తక్కిన పనులకును వర్తించును. వేసవిలో ముంజెలు తిన్న తరువాత మిగిలిన కాయలను రెంటిని తీసికొని, నడుమ పుల్ల గ్రుచ్చి, ఆ పుల్లపై పంగలకర్ర ఆనించి నెట్టినచో పిల్లవానికి బండి సిద్ధమగును. దానికి రెండు రోజుల ఆయువు. ఎండి పగిలిన తరువాత వాడు మరియొకటి చేసికొనును. బజారున కొన్న బొమ్మ విరిగినచో ఏడ్చు పిల్లవాడు, ఈ బండి పగిలినచో ఏడువడు. ఏలయన, దానిని ఎట్లు చేయవలెనో వానికి తెలియును. చేయు నేర్పు చేతిలో నుండగా పోయినదేదియు పూర్తిగా పోయినట్లు కాదు. కొబ్బరాకు బూర, తాటాకు గిలక, భోగి పిడకల దండ అన్నియు ఇట్టివే.

తెలంగాణలో బతుకమ్మ పండుగను చూడుడు. భాద్రపద అమావాస్య మొదలుకొని తొమ్మిది దినములు జరుగు ఈ పండుగకు మగవారు, పిల్లలు చేలగట్లు తిరిగి తంగేడు, గునుగు పూవులను కోసికొని వత్తురు. గునుగు పూవుల కొసలకు రంగులద్దుదురు. పళ్ళెములో ఆకులు పరచి, ఆడువారు పూవులను వలయములుగా పేర్చుదురు. శిఖరమున పసుపు గౌరమ్మను నిలుపుదురు. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించినది. సాయంకాలమునకు ఆ పూలగోపురము చెరువులో కలిసిపోవును. అంత శ్రమపడి చేసినది నీటిపాలైనను ఎవరును దుఃఖింపరు. ఉదయమునుండి ఇంటిల్లిపాది ఒకచోట కూర్చుండి, మాటలాడుకొనుచు చేసిన పనియే దాని ఫలము.

పని చేయు చేతుల నడుమ మాట సులభముగా పుట్టును. ఎదురెదురుగా కూర్చుండి మాటాడుమన్నచో తండ్రియు, ఎదిగిన కుమారుడును మౌనముగా నుందురు. అదే ఇద్దరును ఒక మంచమునకు నవారు అల్లుచున్నచో, నవారు లాగుమను మాటతో మొదలై, చదువు, ఉద్యోగము, అప్పు, పెండ్లి వరకు అన్నియు వచ్చును. ఒడియములు ఎండవేసి కాకులకు కాపలా కూర్చున్న పిల్లలు అమ్మమ్మ చేత కథ చెప్పించుకొనకుండ లేవరు. నేడు ఇంటిలో నలుగురున్నను నలుగురి చేతులలో నాలుగు ఫోనులుండుట మనమెరుగుదుము. ఫోను చెడ్డదని మేము చెప్పుట లేదు. దినమున ఒక గంట చేతులకు వేరొక పని చూపినచో, చూపులు కూడ ఒకరివైపొకరు తిరుగునని మాత్రమే చెప్పుచున్నాము.

ఎవరి తీరిక? ఎవరి శ్రమ?

ఇచ్చట ఒక మాటను దాచకుండ చెప్పవలెను. ఇంటి చేతిపనులను మెచ్చుకొనుట సులువు. వానిని చేయువారి నడుములను గూర్చి తలచుట అరుదు. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగపు సర్వే ప్రకారము, జీతము లేని ఇంటిపనులలో పాల్గొన్న స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, అనగా దాదాపు ఐదు గంటలు, ఆ పనులపై గడిపిరి. పాల్గొన్న పురుషులు గడిపినది 97 నిమిషములు. అసలు పాల్గొన్న పురుషులే తక్కువ. ఇట్టి స్థితిలో “బొంత కుట్టుము, ఒడియములు పెట్టుము, అందు ఆనందమున్నది” అని ఇల్లాలికి బోధించినచో, అది ఆమె నెత్తిన మరియొక బరువు పెట్టుటయే యగును.

నరసాపురము పరిసరములలో లేసు అల్లు స్త్రీల చరిత్ర ఈ సందర్భమున గుర్తుంచుకొనదగినది. క్రైస్తవ మతప్రచారకులు నేర్పిన ఆ పని గోదావరి మండలమున ఇంటింటికి వ్యాపించి, విదేశములకు ఎగుమతి యగు సరకైనది. మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఆ స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. వారు దినమున పెక్కు గంటలు అల్లుచున్నను, ఇంటిలో కూర్చున్న గృహిణులు తీరిక వేళలో చేయు పని యను పేరుతో వారికి మిక్కిలి తక్కువ కూలి దక్కుచున్నదని ఆమె చూపినది. “తీరిక” అను ఒక్క మాట శ్రమను ఎట్లు కనబడకుండ చేయగలదో దీనివలన తెలియుచున్నది.

కనుక రెండు సంగతులను వేరుపరచి చూడవలెను. అమ్మకమునకు చేయునది వృత్తి. దానికి గంటల లెక్క, కూలి లెక్క, సరకు లెక్క ఉండవలెను. స్వయంసహాయక సంఘముల సోదరీమణులు బొంతలుగాని, బుట్టలుగాని, లేసుగాని అమ్మదలచినచో తమ గంటలకు ఖరీదు కట్టి ధర నిర్ణయించుకొనుట న్యాయము. ఇంటికొరకు చేసికొనునది వేడుక. వేడుకలో అందరును చేయి వేయవలెను. ఒకరు చేయగా మిగిలినవారు అనుభవించునది వేడుక కాదు, చాకిరి.

ఇంటి వేడుక నిలుచుటకు మేము గమనించిన నియమములు మూడు కలవు. మొదటిది, ఇల్లాలు చేతిపనికి కూర్చున్న గంట ఆమె చేయవలసిన వేరొక పనిని మరియొకరు అందుకొనవలెను. భర్త అంట్లు తోమినను, కుమారుడు నీరు తెచ్చినను గౌరవమునకు లోటు రాదు. రెండవది, గడువు పెట్టరాదు. పండుగకు ముందే పూర్తికావలెనను తొందర వచ్చినచో వేడుక వెట్టిగా మారును. మూడవది, నేర్చుకొనువారి వంకరను వెక్కిరింపరాదు. ఒకసారి నవ్వులపాలైన పిల్లచేయి రెండవసారి సూది పట్టదు.

మరల ఆ ఇంటికి

వైశాఖమాసమున మేము మరల ఆ గ్రామమునకు వెళ్ళినపుడు ఆ పెద్దావిడ ఇంటికి పోతిమి. బొంత పూర్తియై మంచముపై పరచియున్నది. పైపొర కోడలి పెండ్లినాటి తరువాత కొన్న మొదటి నూలుచీర. పసుపుపచ్చ రంగు వెలిసినను ఎర్రని అంచు ఇంకను నిలిచియున్నది. కోడలు తానే పెట్టె తెరిచి ఆ చీర తెచ్చియిచ్చినదట.

“చూపు ఆనదుగదా, సూదిలో దారము ఎట్లు ఎక్కించితివి?” అని అడిగితిమి.

పదియేండ్ల మనవరాలు ముందుకు వచ్చి, “నేనే ఎక్కించేదాన్ని. రోజూ బడికి పోయేముందు పది సూదుల్లో దారాలెక్కించి, దిండుకి వరసగా గుచ్చిపోయేదాన్ని. సాయంత్రం దాకా నానమ్మకి సరిపోయేవి,” అని చెప్పినది.

బొంత నడుమ ఒక వరుస వాగువలె వంకరలు తిరిగిపోయినది. అది ఆ బాలిక కుట్టినది. నానమ్మ దానిని విప్పలేదు. “మొదటి వరస అట్టాగే ఉంటుంది. రెండోది చూడండి, దాని పక్కనే, ఎంత తిన్నగా వచ్చిందో,” అని చేతితో తడిమి చూపించినది. చూడలేని కంటికి వ్రేళ్ళు చూపునిచ్చినవి.

నాలుగు అంచుల కుట్టు మాత్రము వేరుగా నున్నది. దళసరి దారముతో, దబ్బనముతో, ధాన్యపు గోనెసంచి మూతి కుట్టినట్లు గట్టిగా కుట్టియున్నది. అది ఎవరి పనియని అడుగగా ఇంటి యజమాని తల వంచుకొని నవ్వెను. భోగిమంటలో ఆ బట్టలు వేయదలచినవాడు అతడే. “నాకు వచ్చిన కుట్టు ఇదొక్కటేనండీ,” అని అతడనెను. “వాడు కుట్టిన చోటు నేను పోయినా ఊడదు,” అని తల్లి అన్నది.

బొంతను మేము ఇటునటు తిప్పి చూచితిమి. ఆ పంచె ఎచ్చటను కనబడలేదు. “పంచె ఏది?” అని అడిగితిమి.

“లోపల ఉంది బాబూ, నడిమి పొర. పైకి కనపడదు,” అని ఆమె చెప్పినది.

బజారున దొరకు రగ్గు మంచిదే. ధర కొంచెము, శ్రమ లేదు. ఆ రగ్గును కొనవలదని మేము చెప్పబోము. కాని ఆ బాలిక రాబోవు పుష్యమాసపు చలిలో కప్పుకొనబోవు బొంతలో ఆమె ఎరుగని తాత పంచె, తల్లి చీర, తండ్రి గోనెకుట్టు, నానమ్మ వేలకొలది కుట్లు, తన వంకర వరుస ఒక్కటిగా కలిసియున్నవి. ఇది ఏ దుకాణమునను దొరకునది కాదు.

ప్రతి ఇంటను ఒక పాతచీర యుండును. సూది నడుపగల పెద్దచేయి ఒకటియుండును. దారమెక్కించగల చిన్నకన్ను ఒకటియుండును. ఆ పెద్దచేయి ఆగిపోకముందే ఈ రెంటిని ఒక చాపపై కూర్చుండబెట్టుడు. మిగిలిన పనిని వారే చూచుకొందురు.